రెప్ప వెంట్రుక

పెద్దకోడలు ఇరవై ఏళ్లుగా నల్లుల్ని పెంచుతోంది. మంచం పట్టెల్లో దాక్కునే నల్లులు కావు. గోధుమ ఆకు మడతలో కాపురం పెట్టే తెల్లటి, పొడుగాటి, నాలుగే కాళ్లున్న పురుగులు. ఆవగింజ మీద ఒక ఊరు ఊరంతటినీ కూర్చోబెట్టవచ్చు. వాటిని ఒక మొక్క మీంచి ఇంకో మొక్క మీదికి మార్చడం అంత తేలిక కాదు. సూదితో ఎత్తితే చస్తాయి, కుంచెతో ఎత్తితే అందులోనే ఇరుక్కుపోతాయి. పనికొచ్చేది మనిషి కనురెప్ప వెంట్రుక. దాన్ని సన్నటి వెదురు పుల్ల చివర జిగురుతో అంటించి, మైక్రోస్కోప్ కింద నల్లి పొట్ట కిందికి పోనిచ్చి, పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తాలి.

ఎవరి వెంట్రుక వాళ్లే పీక్కోవాలని ఆమె పనిచేసే గోధుమ పరిశోధన కేంద్రంలో పద్ధతి. పెద్దకోడలు ఆ పద్ధతిని తన మట్టుకు తనే సడలించుకుంది. వయసు మీదపడి తన రెప్పలు పలచబడ్డాయనీ, ఉన్న నాలుగూ గరుకెక్కి నల్లుల్ని గీరేస్తున్నాయనీ చెప్పి, తోడికోడలి రెప్పల మీద పడింది. సోమవారం వస్తే చాలు, చిన్నకోడలు తెల్లకోటు గుండీలు పెట్టుకోకముందే కిటికీ పక్క స్టూలు సిద్ధంగా ఉండేది.

"కన్ను ముయ్యి."

"పోయిన వారం పీకిన చోటే ఇంకా సలుపుతోంది అక్కా."

"అయితే ఆ రెండోది ఇవ్వు. దేవుడు రెండిచ్చింది అందుకేగా."

చిన్నకోడలు కళ్లు మూసుకునేది. చిమటా చల్లగా తగిలేది, చురుక్కుమనేది, చెంప మీదికి నీళ్లు జారేవి. పెద్దకోడలు ఆ వెంట్రుకను వెలుతురుకెత్తి, నగ బేరం చేసేవాళ్లు చూసినట్టు చూసేది. బాగుంటే "బంగారం" అనేది. బాగుండకపోతే ఇంకోటి పీకేది.

ఇద్దరిదీ ఒకే ఇల్లు. పెద్దకోడలు ఆ ఇంటికి వచ్చేనాటికి మరిది ఇంకా నిక్కర్లలో ఉన్నాడు. అత్త లేని ఇల్లు. వాడికి అన్నం పెట్టింది ఆమే, చెవి మెలిపెట్టి చదివించిందీ ఆమే. అందుకని వాడు ఉద్యోగం చేస్తున్న మగాడై కూడా వదిన గొంతు వినబడితే కూర్చున్నవాడు లేచి నిలబడతాడు. అలాంటివాడు పెళ్లి చేసుకు తెచ్చిన పిల్ల డీఎన్ఏ యంత్రం మీద పని నేర్చిన పిల్ల. కేంద్రంలో ఒక ఖాళీ ఉంటే పెద్దకోడలే డైరెక్టర్‌కు చెప్పి ఇప్పించింది. ఆ మాట ఆ తర్వాత ప్రతి భోజనంలోనూ ఉప్పులా పడేది.

ఇక పెద్దకోడలి గది సంగతి. దాన్ని లోపలి గది అంటారు. అందులో వరసగా గోధుమ కుండీలు, ఒక్కొక్క కుండీ మీద ఒక్కొక్క గాజు గొట్టం, గొట్టం మూతికి సన్నటి గుడ్డ. ఆ కుండీలన్నిటిలో ఉన్న నల్లులు ఒకే తల్లి సంతానం. పెళ్లయిన కొత్తలో ఆమె ఒక చేలో ఒక్క ఆడనల్లిని పట్టుకొచ్చి మొదలుపెట్టింది. దానికి మహారాణి అని పేరు. ఎవరైనా చూడటానికి వస్తే ఆమె ఒకే పాఠం చెప్పేది.

"ఒక్క ఆడది చాలండీ. మగాడు అక్కర్లేదు. ముందు తనే కొడుకుల్ని కంటుంది, ఆ కొడుకులతోనే సంసారం చేసి కూతుళ్లని కంటుంది. సిగ్గూ శరం లేని వంశం. కానీ శుద్ధమైన వంశం! ఈ గదిలోకి నేను తప్ప ఈగ కూడా రాదు. తాళం చెవి ఇదిగో, నా మెళ్లోనే ఉంటుంది, స్నానానికి కూడా తియ్యను."

వచ్చినవాళ్లు నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు. వెనకాల నల్లులమ్మ అని పిలుస్తారని ఆమెకు తెలుసు. తెలిసే గర్వపడేది.

గర్వపడటానికి కారణం లేకపోలేదు. ఈ నల్లి గోధుమకు చారల తెగులు అంటిస్తుంది. ఆకుల మీద పసుపు చారలు పడతాయి, మొక్క గిడసబారుతుంది, కంకిలో గింజ పట్టదు. తెగులుకు మందు లేదు. నల్లికి మందు ఉన్నా ఆకు మడత లోపలికి చేరదు. అది ఎక్కలేని గోధుమను పుట్టించడం ఒక్కటే దారి. ఆ పని చేసినవాడు పెద్దకోడలి మొగుడు. కేంద్రంలో అందరూ పెద్దాయన అంటారు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, తెల్లబడేదాకా ఒకే గోధుమ మీద కూర్చున్నాడు. ఏటా ఆ గోధుమ మొలకల మీద పెళ్లాం తన మహారాణి పిల్లల్ని వదిలేది. ఏటా అవి మాడి చచ్చేవి. ఆకులు కత్తుల్లా నిటారుగా నిలబడేవి. ఈసారి పైరు కాలానికి ఆ విత్తనం రైతులకు వెళ్లాలి. మధ్యలో మిగిలింది బయటివాళ్ల ఎదుట ఒక ఆఖరి పరీక్ష. అది అయిపోతే చాలు, ఆ మనిషి జన్మ ధన్యమైనట్టేనని పెద్దకోడలు అనుకునేది. ఆయన జన్మ అంటే తన జన్మ కూడానని ఆమె లెక్క.

సరిగ్గా అప్పుడే చిన్నకోడలు ఒక మధ్యాహ్నం ఆమె దగ్గరికి వచ్చింది. చేతిలో ఒక కుండీ ఉంది. గొట్టంలో గోధుమ మొలకలు. ఆకులు చాపల్లా చుట్టుకుపోయాయి, కొత్త ఆకుల కొసలు పాత ఆకుల మడతల్లో ఇరుక్కుని విల్లులా వంగాయి.

"ఏ గోధుమ ఇది?" అంది పెద్దకోడలు.

"బావగారిదే అక్కా. కోతలకు ముందు చేలగట్ల మీద నల్లుల్ని ఏరుకొచ్చి బయటి గదిలో పెంచాను కదా, వాటిని వదిలాను. మైక్రోస్కోప్‌లో చూస్తే మీ వాటికీ వీటికీ తేడా లేదు. డీఎన్ఏ చూస్తే మాత్రం రెండు వేరు వేరు వంశాలు. చేలల్లో ఇవే ఎక్కువున్నాయి. మీవి ఎక్కలేని చోటికి ఇవి ఎక్కుతున్నాయి."

"ఒక్కసారి చూసి చెప్తున్నావా?"

"ఇంకో రెండుసార్లు చేసి చూస్తేగానీ నోరు విప్పకూడదు. కానీ విత్తనం వెళ్లిపోయే రోజులు దగ్గరపడ్డాయి కదా. మీ చెవిన వెయ్యాలనిపించింది. పెద్దవారు, మీకు తెలియకుండా నేను పైకి వెళ్తే ఏం బాగుంటుంది?"

"మీ బావగారికి చెప్పావా?"

"లేదక్కా. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనక్కూడా."

పెద్దకోడలు ఆ పిల్ల మొహంలోకి చూసింది. కుడి రెప్పకు మధ్యలో వెంట్రుకలు లేని ఖాళీ ఉంది. నోట్లో వేలు పెడితే కొరకలేని మొహం. ఈ పిల్ల నా మొగుడి బతుకును ఒక కుండీలో పెట్టుకు తిరుగుతోంది అనుకుంది. భయం పైకి రానివ్వలేదు. "మంచి పని చేశావు. నేను చెప్పేదాకా నోరు మెదపకు," అని భుజం తట్టింది. ఆ పిల్ల నిజంగానే సంతోషించింది.

ఆ కేంద్రంలో ఒక నియమం ఉంది, పెద్దకోడలు రాసిందే. బయటి గదిలో గొట్టాలు కప్పిన కుండీల మధ్య కొన్ని మొక్కల్ని ఏమీ కప్పకుండా పెడతారు. వాటిని కాపలా మొక్కలంటారు. వాటి ఆకు చుట్టుకుందంటే ఎక్కడో గొట్టంలోంచి నల్లులు బయటపడ్డాయని అర్థం. అప్పుడిక వాదనలుండవు. ఆ గదిలో ఉన్న ప్రతి కుండీనీ ఆటోక్లేవ్‌లో పెట్టి ఆవిరితో ఉడకబెట్టాల్సిందే.

ఆ సోమవారం పొద్దున ఆమె మామూలుగానే స్టూలు వేసింది, మామూలుగానే వెంట్రుక పీకింది. ఏడాది మొత్తంలో అంత మంచిది దొరకలేదు. నిడుపుగా, మెత్తగా, కొస కాస్త వంగి ఉంది. అందరూ భోజనానికి వెళ్లాక ఆ పుల్ల పట్టుకుని బయటి గదిలోకి వెళ్లింది. చిన్నకోడలి మూడో కుండీ మూతి గుడ్డ విప్పి, చుట్టుకున్న ఒక ఆకు తుంచి, మైక్రోస్కోప్ కింద మడత తెరిచింది. లోపల తెల్లటి రవ్వలా కదులుతున్నాయి. ఒక్కొక్కదాన్నీ ఎత్తి కాపలా మొక్కల లేత ఆకుల మీదికి దించింది. తోడికోడలి పిల్లల్ని తోడికోడలి రెప్ప వెంట్రుకతోనే ఎత్తుతున్నానన్న ఆలోచన వచ్చి, నిజం చెప్పొద్దూ, ఆమెకు కొంచెం నవ్వొచ్చింది. గుడ్డ మళ్లీ ఎప్పటిలాగే బిగించింది.

బయటి గదిలో వాడిన వెంట్రుకను ఆ గది దాటకముందే స్పిరిట్ దీపంలో కాల్చెయ్యాలి. అదీ ఆమె పెట్టిన నియమమే. దీపం వెలిగించింది కూడా. పుల్లను మంట దగ్గరికి తీసుకెళ్లి, ఆ వెంట్రుకను చూసి ఆగింది. ఇలాంటిది మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది? రెండుసార్లు గట్టిగా ఊదింది, కోటు అంచుతో తుడిచింది, భూతద్దంలో చూసింది. వెంట్రుక మీద ఏమీ లేదు. వెంట్రుకకూ పుల్లకూ మధ్య జిగురు ముద్దలో ఏముందో ఆమె చూడలేదు. అలవాటు ప్రకారం పుల్లను కొప్పులో గుచ్చుకుంది. కోటు మార్చుకుంది, చేతులు కడుక్కుంది, చెప్పులు మార్చుకుంది, మెడలోని తాళం చెవితో లోపలి గది తీసి, కొప్పులోంచి పుల్ల తీసి, మహారాణి పిల్లల పని చూసుకుంది.

వారం గడిచాక కాపలా మొక్కల ఆకులు చుట్టుకున్నాయి. అందరికన్నా ముందు చూసింది చిన్నకోడలే. దాచాలన్న ఊహ కూడా రాలేదు ఆ పిల్లకు, పరిగెత్తుకొచ్చి తనే చెప్పింది. పెద్దకోడలు డైరెక్టర్‌ను పిలిచింది. డైరెక్టర్‌గారు గొడవలంటే గిట్టని మనిషి. కుండీల వంకా, గోడ మీది నియమం వంకా, పెద్దకోడలి వంకా చూసి, "మీరెలా అంటే అలా," అన్నాడు.

"ఉడకబెట్టాలి. దాని చేత్తో అదే పెట్టాలి. అప్పుడు గాని జాగ్రత్త రాదు."

చిన్నకోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఒక్క కుండీ వదలండి. ఒక్క ఆకు వదలండి చాలు. చేలన్నీ కోసేశారు, మళ్లీ పైరు లేచేదాకా ఇవి దొరకవు. ఆలోగా విత్తనం వెళ్లిపోతుంది. మీకు తెలుసు కదా అక్కా. మీకు చెప్పాను కదా."

"ఏం చెప్పావు? గుడ్డ సరిగా కట్టడం రానిదానివి నాకేం చెప్తావు? ఒక్క ఆకు వదలాలట! ఒక్క ఆడది చాలని ఊరందరికీ పాఠం చెప్పేదాన్ని నేను."

ఆ పిల్ల చెయ్యి వదిలేసింది. తోడికోడలి మొహంలో ఏం చూసిందో గాని ఆపైన బతిమాలలేదు. కుండీలు ఒక్కొక్కటే మోసింది. ఆటోక్లేవ్ తలుపు ఇనుప చక్రం వేడెక్కి ఉంటుందని తెలిసీ, చేతి తొడుగులు ఉతకడానికి పోయాయని పెద్దకోడలు చెప్పింది. అవి సొరుగులోనే ఉన్నాయి. ఆవిరి బుస్సుమంటున్నంతసేపూ ఆ పిల్లను అక్కడే నిలబెట్టింది. తలుపు తీశాక లోపల పచ్చగా ఉన్నవన్నీ ఉడికిన ఆకుకూరలా అణిగిపోయి ఉన్నాయి. ఇక మిగిలినవల్లా డీఎన్ఏ కోసం స్పిరిట్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టిన చచ్చిన నల్లులు కాసిని. చచ్చినవాటితో ఎవరికి భయం? వాటి జోలికి ఆమె పోలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్నారు. చిన్నకోడలి అరచేతికి గుడ్డ కట్టి ఉంది. ఎడమ చేత్తో గరిటె పట్టుకోవడం చూసి పెద్దాయన అడిగాడు.

"చేతికేమైందమ్మా?"

"బావగారూ, మీ గోధుమ గురించి ఒక మాట..."

"ఏమవుతుంది?" అంది పెద్దకోడలు. "నల్లుల్ని గదంతా వదిలేసింది. మీ ఆఖరి పరీక్ష ముందర! నేను చూడబట్టి సరిపోయింది గాని, లేకపోతే కొంప మునిగేది. ఇప్పుడు తన తప్పు కప్పుకోడానికి మీ గోధుమ మీద పడుతోంది. మీకు తెలియదు, ఇది రేపు మీ గోధుమ ఉత్తదంటుంది."

పెద్దాయన ముద్ద కలపడం ఆపి మరదలి వంక చూశాడు. ఆ చూపుకు చిన్నకోడలు మొగుడి వైపు తిరిగింది. వాడు కంచంలోకి చూస్తూ అన్నం కెలుకుతున్నాడు. వదిన ఇంకో గరిటె కూర వడ్డిస్తే "చాలు వదినా" అన్నాడు. ఆ పూట వాడన్న మాట అదొక్కటే. మర్నాటి నుంచి చిన్నకోడలిని డీఎన్ఏ యంత్రం దగ్గర్నుంచి తీసి కుండీలు కడిగే చోట వేశారు. సోమవారం వెంట్రుకలు మాత్రం మానలేదు.

ఆఖరి పరీక్ష మొదలైంది. బయటినుంచి ముగ్గురు పెద్దలు వచ్చారు, వాళ్ల కళ్లెదుట పెద్దకోడలు మహారాణి పిల్లల్ని కొత్త గోధుమ మొలకల మీద వదిలింది. గొట్టాలకు వాళ్లే ముద్రలు వేశారు. ఫలితం చూడ్డానికి మళ్లీ వస్తామని వెళ్లారు. పెద్దాయన ఆ రోజుల్లో ఇంట్లో ఈలలు వేస్తూ తిరిగాడు. పెద్దకోడలు ఆయన చొక్కాలు తనే ఇస్త్రీ చేసింది.

ముద్రలున్న గొట్టాలను పొద్దుటే చూసే అలవాటు ఆమెది. ఒక పొద్దున గాజులోంచి చూస్తే ఒక మొక్క ఆకు కొస పాత ఆకు మడతలో ఇరుక్కుని ఉంది. చిన్న విల్లు. నీళ్లు ఎక్కువయ్యాయేమో అనుకుంది. మర్నాడు ఆ కుండీలో ఆకులన్నీ చాపల్లా చుట్టుకున్నాయి. ఆ మర్నాడు పక్క కుండీలో. ముద్ర విప్పడానికి లేదు, ఆకు తుంచడానికి లేదు. లోపలి గదిలోకి వెళ్లి తన కుండీల వంక చూసింది. అక్కడ అన్నీ మామూలుగానే ఉన్నాయి. అక్కడున్నది నాటు గోధుమ, దాని మీద ఏ వంశమైనా ఒకేలా చుడుతుంది ఆకును. ఎన్నింటిలో తనవి, ఎన్నింటిలో కావు? ఇరవై ఏళ్లు పెంచినదానికి తన పిల్లలెవరో తనకే తెలియలేదు. చెయ్యి దానంతటదే కొప్పు మీదికి పోయింది. పుల్ల అక్కడే ఉంది.

అప్పుడు అర్థమైంది ఆమెకు. అర్థమయ్యాక కూర్చోడానికి స్టూలు కోసం తడుముకుంది.

పెద్దలు ముగ్గురూ వచ్చారు. డైరెక్టర్, పెద్దాయన, చిన్నకోడలు, తడి చేతులతో కుండీలు కడిగేవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. ముద్రలు విప్పారు. పెద్దాయన గోధుమ మూడొంతులు చుట్టుకుపోయింది. ఆయన ఒక ఆకు తెంపి, మడత విప్పి, భూతద్దంలో చూసి, అద్దం పక్కన పెట్టాడు. పెళ్లాం వంక తిరిగాడు.

"నీ నల్లులేనా ఇవి?"

"కావు," అంది పెద్దకోడలు. గట్టి గొంతుతో అంది. "నావి మీ గోధుమ ఎక్కవు. ఇది చేసింది అదే. ఉడకబెట్టించానని కక్ష కట్టి నా కుండీల్లో తన నల్లుల్ని కలిపింది. ఈ పరీక్ష చెల్లదండీ! మళ్లీ పెట్టండి."

అందరూ చిన్నకోడలి వైపు చూశారు. ఆ పిల్ల గొంతు పెంచలేదు.

"యంత్రంలో పెట్టి చూద్దాం బావగారూ. నావి చచ్చినవి ఫ్రీజర్‌లో ఉన్నాయి. పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది."

పెట్టారు. తెలిసింది. కొత్త గోధుమ మీద బతికినవి చిన్నకోడలి మూడో కుండీ నల్లుల సంతానం, గీతకు గీత సరిపోయింది. లోపలి గదిలో ఏ కుండీ చూసినా సగానికి సగం అవే.

"చూశారా!" అంది పెద్దకోడలు. గెలిచినదానిలా అందరి మొహాలూ చూసింది.

పెద్దల్లో ఒకాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "ఈ అమ్మాయి కుండీలు ఉడకబెట్టి చాలా రోజులైంది కదా. అంటే అంతకు ముందే మీ గదిలోకి చేరాయి. ఆ గదిలోకి ఎవరెవరు వెళ్తారు?"

ఆ జవాబు అక్కడున్న అందరికీ కంఠతా వచ్చు. డైరెక్టర్‌గారు తన బూట్ల వంక చూసుకున్నాడు. పెద్దాయన చూపు నెమ్మదిగా పెళ్లాం మెడలోని తాళం చెవి మీదికి వచ్చి ఆగింది. ఆమె దాన్ని గుప్పిట్లో మూసుకుంది. ఎందుకు మూసుకుందో ఆమెకే తెలియదు. మూసుకోకుండా ఉండాల్సింది.

"అక్కా," అంది చిన్నకోడలు, "ఆ పుల్ల ఒకసారి ఇస్తారా?"

ఆమె కొప్పులోంచి ఆ పిల్లే తీసింది. పెద్దకోడలు ఆపలేదు. మైక్రోస్కోప్ కింద పెట్టి, జిగురు ముద్దను సూదితో చీల్చి, పక్కకు జరిగి పెద్దాయనకు చోటిచ్చింది. ఆయన వంగి చాలాసేపు చూశాడు. ఎండిపోయిన గుడ్ల పెంకులు, ఒక నల్లి తోలు.

"ఆ వెంట్రుక నాదే బావగారూ. బయటి గదిలో నేను దాన్ని వాడలేదు. అక్క సోమవారం పీకాక మళ్లీ నా చేతికి రాలేదు."

బయటివాళ్ల ముందు ఆయన ఏమీ అనలేదు. ఇంటికి వెళ్లాక అన్నాడు, చెప్పులు కూడా విప్పకుండా.

"నీకు ముందే చెప్పిందా ఆ పిల్ల?"

"మీకోసమే చేశాను. మీ ఇన్నేళ్ల కష్టం..."

"చెప్పిందా లేదా?"

"చెప్పింది."

"ఆ రోజే నాకు తెలిసుంటే నా గోధుమను నేనే ఆపుకునేవాణ్ణి. ఇంకో రెండేళ్లు కూర్చుని సరిచేసుకునేవాణ్ణి. అంతే కదా కావలసింది! ఇప్పుడు మొగుడూ పెళ్లాం కలిసి దొంగ పరీక్షలు చేసుకున్నారంటున్నారు. నువ్వు అబద్ధం చెప్పావు సరే, నేను చెప్పలేదని ఎవడు నమ్ముతాడు? నా చేతి గింజ ఎవడు కొంటాడు? నల్లి నయం. ఆకును తింటుందే గాని, ఆకు మేలు కోసం తిన్నానని చెప్పదు."

ఆయన ఆ వారంలోనే ఉద్యోగం మానేశాడు. ఇంట్లో మాట్లాడటం కూడా మానేశాడు. కూర బాగుందని గాని బాగోలేదని గాని అనడు. ఆమె పక్కనుంచి గోడ పక్కనుంచి నడిచినట్టు నడుస్తాడు.

పెద్దకోడలిని మాత్రం తీసెయ్యలేదు. తీసేస్తే కారణం రాయాలి, రాస్తే కేంద్రం పరువు పోతుంది. డైరెక్టర్‌గారు అలా ఆలోచించే మనిషి. లోపలి గది చిన్నకోడలికిచ్చి, పెద్దకోడలిని ఆమె కింద వేశాడు. మహారాణి వంశం కలుషితమైంది గనక నియమం ప్రకారం ఉడకబెట్టాలన్నాడు. పెద్దకోడలు మొదటిసారి బతిమాలింది.

"ఒక్కదాన్ని ఏరుకోనివ్వు చెల్లీ. ఒక్క ఆడదాన్ని. యంత్రంలో చూసుకుని నాది నాకు ఇచ్చెయ్యి. ఇరవై ఏళ్లు. నేను కన్నబిడ్డ కూడా లేదు నాకు, నీకు తెలుసు."

చిన్నకోడలు ఆ మాట విని చేతిలో పని ఆపింది. ఆ పిల్ల మొహంలో జాలి కదిలిందని పెద్దకోడలు అనుకుంది కూడా. తర్వాత ఆ పిల్ల సొరుగు లాగి చేతి తొడుగులు తీసి ఆమె ముందు పెట్టింది. "చక్రం వేడిగా ఉంటుంది అక్కా. ఇవి ఇక్కడే ఉంటాయి ఎప్పుడూ," అంది. ఆ పిల్ల అరచేతి మీద మచ్చ ఇంకా పోలేదు.

పెద్దకోడలు కుండీలు ఒక్కొక్కటే మోసింది. ఆవిరి బుస్సుమంటున్నంతసేపూ నిలబడింది. నిలబడమని ఎవరూ చెప్పలేదు.

కొత్త పైరు లేచాక చిన్నకోడలు చేలగట్ల మీదికి వెళ్లి మళ్లీ నల్లుల్ని ఏరుకొచ్చింది. ఈసారి ఎన్నో చోట్ల నుంచి, ఎన్నో వంశాలు. లోపలి గది నిండింది. వాటిని మార్చడానికి చాలా వెంట్రుకలు కావాలి. ఒక సోమవారం పొద్దున పెద్దకోడలు కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చేసరికి కిటికీ పక్క స్టూలు వేసి ఉంది. చిమటా స్పిరిట్‌లో కడిగి గుడ్డ మీద పెట్టి ఉంది.

"కూర్చోండి అక్కా."

"నావి గరుకు. పనికిరావని నీకు తెలుసు కదా."

"తెలుసు."

"నాలుగే ఉన్నాయి."

"ఉన్నవి చాలు. కన్ను ముయ్యండి."

పెద్దకోడలు చుట్టూ చూసింది. కుండీలు కడిగేవాళ్లు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు, ఎవరూ వద్దనలేదు, ఎవరూ వెళ్లిపోలేదు. ఇంటికి వెళ్తే ఆయన మాట్లాడడు. ఇక్కడ కాకపోతే తనతో మాట్లాడే మనిషి ఎక్కడా లేదు. కూర్చుంది. కన్ను మూసింది. చల్లగా తగిలింది, చురుక్కుమంది. చిన్నకోడలు ఆ వెంట్రుకను వెలుతురుకెత్తి ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఇది బాగా లేదు," అని నేల మీద పారేసింది. "ఆ రెండోది ఇవ్వండి."